నలభై ఒకటో నంబరు

తెల్ల పొడి చల్లిన అతుకు మీద నెత్తుటి చార లాంటి ఎర్ర గీత తేలింది. దాని పక్కన ఉక్కులోకి దిగబడిన నంబరు పిడుగుదే, కానీ ఆ అతుకు పిడుగు వేసింది కాదు.

ఆ సంగతి ఆమె చెబితే షెడ్డులో ఎవరూ నమ్మలేదు.

పిడుగు అంటే ఆ పైపుల షెడ్డులో ఉన్న ఒకే ఒక ఆడ వెల్డరు. మనిషి పొట్టి, మాట గట్టి. చేరిన వారంలోనే ఎవరో ఆ పేరు తగిలించారు, అసలు పేరు జీతం కవరు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

అక్కడి పద్ధతి ఇది. స్టాండు మీద పైపులు దొర్లుకుంటూ వస్తాయి. చేతిలో పని అయిపోయినవాడు తర్వాతి పైపు లాక్కుని, దాని కొసకి ఇనప చట్రం అతికి, అతుకు పక్కన సుత్తితో తన నంబరు కొడతాడు. ప్రతి వెల్డరుకీ వేలంత పొడుగు ఉక్కు పంచ్ ఒకటి ఇస్తారు, దాని కొసన అతని నంబరు చెక్కి ఉంటుంది. ఎవరు ఏ పైపు చేశారన్నదానికి ఆ ముద్ర తప్ప వేరే సాక్ష్యం లేదు. మధ్యాహ్న భోజనాలయ్యాక పరీక్ష. అతుకు మీద ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లుతారు. పగులుంటే దాంట్లో దాక్కున్న ఎర్ర మందు పైకి ఊరుతుంది. అలా ఊరిన అతుకు ఎవరి నంబరుదైతే వాళ్ళ గ్రేడు కిందికి జారుతుంది. గ్రేడుతో పాటు కూలి.

నంబరు చదివేది మాత్రం సూపర్‌వైజరు కాదు. పైవాళ్ళు నంబర్లు తారుమారు చేస్తున్నారని ఎప్పుడో పెద్ద గొడవ జరిగింది. అప్పట్నుంచి షెడ్డులో అందరికంటే పాత ఫస్టు గ్రేడు వెల్డరే వంగి చూసి, అందరికీ వినపడేలా చదవాలి. ఆ మర్యాద ఇప్పుడు పిడుగు మేనమామది. ఆమెకి పని నేర్పింది ఆయనే, ఈ షెడ్డులో పెట్టించిందీ ఆయనే.

మావయ్య వంగాడు. బొటనవేలితో ముద్ర తడిమి, బరువుగా ఊపిరి వదిలి, "నలభై ఒకటి" అన్నాడు.

ఈల మోగింది. సూపర్‌వైజరు ఎదుట అంగుళం దూరంలో మనిషున్నా ఈల ఊదనిదే నోరు విప్పడు. అందుకే అతను అందరికీ ఈల సారు. "మళ్ళీ నువ్వేనా! ఈ నెల్లో నీ నంబరు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి!"

 ఇన్నాళ్ళూ పిడుగు తన నంబరు వినపడగానే తల వంచుకుని వెనక్కి పోయేది. చెయ్యి వణుకుతోందేమో, వెల్డింగు రాడ్ తడిసిందేమో అని తనని తానే తిట్టుకునేది. ఈసారి ఎందుకో ముందుకొచ్చి చూసింది. పరీక్షకు ముందు ప్రతి అతుకునీ గ్రైండరుతో నున్నగా రుద్దుతారు. దీన్నీ రుద్దారు గానీ, చట్రం గూట్లో చక్రం చొరబడని మూల బొటనవేలంత మేర వదిలేశారు. అక్కడ అతుకు చేప ఒంటి మీదలా పొలుసులు పొలుసులుగా మిగిలింది. ఆ పొలుసులు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి.

పిడుగుది పుర్రచెయ్యి. ఆమె పొలుసులు కుడి నుంచి ఎడమకు పోతాయి. షెడ్డులో పుర్రచేతివాటం ఇంకెవరికీ లేదు.

"ఇది నాది కాదు" అంది.

"నంబరు నీది, అతుకు నీది కాదా?" ఈల సారు నవ్వాడు. "మొహం నాదే గానీ ముక్కు పక్కింటివాళ్ళది అన్నట్టుంది."

అందరూ నవ్వారు. "నవ్వింది చాలు, ఇటొచ్చి చూడండి! ఈ మూల చూడండి!" అని అరుస్తూ ఆమె మేనేజరు గది వైపు పరిగెత్తింది. ఆయన్ని బతిమాలి, చెయ్యి పట్టి లాగినంత పనిచేసి తీసుకొచ్చేసరికి, గ్రైండరు గుయ్యిమంటోంది. ఫెయిలైన అతుకుని వెంటనే కోసెయ్యాలన్నది రూలు. నిప్పురవ్వలతో పాటు ఆ పొలుసులూ గాల్లో కలిసిపోయాయి.

పిడుగుకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

*

మేనేజరు గదిలో చల్లగా ఉంటుంది. అద్దాల్లోంచి షెడ్డు మూగసినిమాలా కనపడుతుంది. ఆయన ఎవరి మీదా గొంతెత్తడు. కోపం తెప్పించడంలో ఆ మెత్తదనానికి మించింది లేదు.

"కూర్చోమ్మా. నీళ్ళు తాగుతావా?"

"నా నంబరు ఎవరో వాడుతున్నారు సార్."

"సరే, అనుకుందాం. రుజువు?"

"ఇప్పుడే గ్రైండరు కింద పోయింది."

ఆయన జాలిగా తలాడించాడు. "చూడమ్మా, కూలి అనేది మనిషి మొహం చూసి ఇచ్చేది కాదు. చేతిలో పని ఎంత, అనుభవం ఎంత, బాధ్యత ఎంత, బయట ఆ మనిషికి గిరాకీ ఎంత, ఇవన్నీ చూస్తాం. నువ్వు మూడో గ్రేడులో ఉన్నావంటే ఎవరో కక్ష కట్టి కాదు."

"మరి ఆ కుర్రాడు స్టైలు? నాకంటే వెనక చేరాడు. పైపులు నాకంటే తక్కువ చేస్తాడు. అతనివి ఊరట్లేదా ఏమిటి? అతనికి నాకంటే ఎక్కువెందుకు?"

"అతన్ని వేరే కంపెనీ వాళ్ళు పిలిచారు. ఉంచుకోవాలంటే పెంచాలి కదా."

"నన్నూ పిలిచారంటే?"

"పిలిచారా?"

 అబద్ధం ఆడటం పిడుగుకి చేతకాదు. అది మంచితనమని వాళ్ళమ్మ అంటుంది గానీ, ఈ గదిలో మాత్రం అది తెలివితక్కువతనంలా అనిపించింది.

"మా మావయ్యకి నాకిచ్చేదానికి రెండింతల పైనే."

"మీ మావయ్య నంబరు ఊరగా చివరిసారి ఎప్పుడు విన్నావు? నాకైతే గుర్తు లేదు. అదీ తేడా." ఆయన పెన్ను మూత పెట్టాడు. "రేపు పరీక్ష అవగానే గ్రేడ్లు తేల్చేస్తాం. ఇంకొక్క నలభై ఒకటి పడిందా, నీ వెల్డింగు హోల్డరు స్టోరులో ఇచ్చేసి గ్రైండింగు బెంచీకి వెళ్ళిపో. మనసులో పెట్టుకోకు."

గ్రైండింగు బెంచీ షెడ్డు చివర ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళు రోజంతా ఇనప దుమ్ము పీలుస్తూ ఇతరుల అతుకులు రుద్దుతారు. హోల్డరు వదిలి అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కణ్ణించి మళ్ళీ హోల్డరు పట్టినవాడు ఒక్కడూ లేడు. పిడుగుకి చేతనైంది ఒకే ఒక్క పని, అది మంట పట్టుకుని ఇనుముని ఇనుముకి అతకడం. దాన్నే రేపు మెత్తగా, నీళ్ళు తాగించి మరీ లాక్కుంటారు.

*

పని వదిలాక కుళాయిల దగ్గర స్టైలు మొహం కడుక్కుంటున్నాడు. తలకి ఇనప ముసుగు తొడుక్కునే ముందు కూడా జుట్టు దువ్వుకునే మనిషి కాబట్టి అతనికా పేరు. పిడుగు వెళ్ళీ వెళ్ళగానే కాలరు పట్టుకుంది.

"నా పంచ్ ఎప్పుడెప్పుడు తీస్తున్నావురా?"

"కాలరు వదలక్కా! పొద్దున్నే ఇస్త్రీ చేసుకున్నా."

"నీ ఇస్త్రీ తగలెయ్య! భోజనాలప్పుడు అలమారల చుట్టూ తిరిగేది నువ్వే."

"అద్దం అక్కడుంది. షెడ్డు మొత్తానికి ఒకటే అద్దం పెట్టడం నా తప్పా?" అతను కాలరు విడిపించుకుని సర్దుకున్నాడు. "విను. నీ నంబరుతో నాకేం పని? నావి ఊరినప్పుడు దర్జాగా నా నంబరు మీదే ఊరతాయి. అయినా నా కూలి తగ్గిందా? చెడగొట్టుకోడానికి ఒకరి సాయం అవసరం లేదు నాకు."

"నిన్నెవరో పిలిచారంటగా. ఏ కంపెనీ?"

స్టైలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏ కంపెనీ లేదు. గదిలోకెళ్ళి ఉత్తినే అన్నాను. భయమేసిందనుకో. కానీ అన్నాను. పెంచారు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"నా పని వాళ్ళు చూట్లేదా? ఎంతివ్వాలో వాళ్ళకి తెలీదా?"

"తెలుసు. అందుకే ఇవ్వరు."

ఆ మాటకి కొట్టాలనిపించింది గానీ ఎవర్ని కొట్టాలో తెలియలేదు. స్టైలు దువ్వెన జేబులో పెట్టుకుంటూ, "నా మీద పడి ఏం లాభం అక్కా. అతుకు ఊరితే ఎవడి కొంప మునుగుతుందో వాడికి కావాలి నీ నంబరు" అని వెళ్ళిపోయాడు.

పిడుగు అక్కడే నిలబడిపోయింది. ఎవడి కొంప? ఆలోచించగా ఈల సారే కనపడ్డాడు. షెడ్డులో ఫెయిలు ఎక్కువైతే మొట్టికాయ పడేది అతనికే. ఫెయిళ్ళన్నీ ఒక్క మనిషి నెత్తిన రుద్దేసి, "ఆ ఒక్కతీ తప్ప నా షెడ్డు భేషుగ్గా ఉంది" అని చూపించుకుంటే? అలమారలకి తాళాలు ఎప్పుడో పోయాయి. ఆ షెడ్డు కట్టినవాళ్ళకి ఆడమనిషి వెల్డరుగా వస్తుందన్న ఊహే లేదు గనుక ఆమెకి వేరే అలమార కూడా లేదు. మావయ్య తన దాంట్లో సగం ఇచ్చాడు. భోజనాలప్పుడు తోలు ఏప్రాన్ అక్కడే తగిలిస్తుంది, దాని జేబులో పంచ్ ఉంటుంది. ఈల సారు ఆ పక్క నుంచి రోజుకి పదిసార్లు పోతాడు.

"నీ ఈల నీ గొంతులోనే ఇరికిస్తాను చూడు" అని పళ్ళు నూరుకుంటూ ఇంటికి నడిచింది.

*

మావయ్యవాళ్ళది కింద వాటా, అమ్మతో కలిసి పిడుగు ఉండేది పై వాటా. మేడ మెట్లు వాళ్ళ వంటగది గుమ్మం ముందు నుంచే ఎక్కాలి. పొలుసుల సంగతి ముందు మావయ్యకే చెప్పాలని లోపలికి వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు. అత్త కూర కలుపుతోంది. పిడుగు వాళ్ళమ్మ కూడా అక్కడే ఉల్లిపాయలు తరుగుతోంది. ముగ్గురి మొహాలూ చూస్తే ఏదో మాట్లాడుకుని ఆపినట్టుంది.

పిడుగు నోరు తెరవకముందే మావయ్య రేడియో కట్టేశాడు. "మేనేజరు నన్ను పిలిచాడు అమ్మడూ. రేపటి సంగతి చెప్పాడు. నేను ఒప్పుకున్నాను."

"ఏం ఒప్పుకున్నావు?"

"గొడవ పడకుండా బెంచీకి వెళ్ళిపో. ఆర్నెల్లు కళ్ళు మూసుకుంటే నేనే ఏదో ఒకటి చెప్పి వెనక్కి తెస్తాను. నీ చెయ్యి ఇంకా కుదురుకోలేదు, అంతే."

"అక్కణ్ణించి వెనక్కొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు మావయ్యా."

"మొదటిదానివి నువ్వవుతావు."

"నీ కొడుకైతే పంపేవాడివా?"

అత్త గరిట ఆగింది. మావయ్య ఆమె మొహంలోకి చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు: "కొడుకైతే వాడి మీద ఒక సంసారం ఉంటుంది. నీకేం ఉంది?"

"ఈ ఉల్లిపాయలు తరుగుతున్నావిడ ఎవరు మరి? పక్కింటావిడా?"

"ఏమే, పెద్దంతరం లేదా?" అని వాళ్ళమ్మ కత్తి కింద పెట్టేసింది. "మా తమ్ముడు లేకపోతే నీకు ఆ హోల్డరు ఎక్కడిది? వాడు చెప్పాడంటే నీ మంచికే చెప్తాడు."

అందరూ కలిసి ఆమె మంచి ఏమిటో తేల్చేశారు. ఆమెని పిలవడమే మర్చిపోయారు.  పొలుసుల సంగతి ఇక ఈ ఇంట్లో చెప్పనే చెప్పకూడదనుకుంది పిడుగు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు ఎక్కేసింది. కింద నుంచి అత్త, "అన్నం తిని పోవే" అంటున్నా వినిపించుకోలేదు.

*

పొద్దున్నే స్టోరు కిటికీ తెరవగానే పిడుగు అక్కడుంది. స్టోరు చూసే ఆవిడని అందరూ స్టోరక్క అంటారు. ఒక జత చేతితొడుగులు ఇవ్వాలన్నా ముందు నాలుగు తిట్లు ఇచ్చి గానీ ఇవ్వదు.

"ఒక పంచ్ కావాలి అక్కా. నాది కాకుండా."

"ఉన్నది తినేశావా?"

పిడుగు జరిగిందంతా చెప్పింది. స్టోరక్క వింటూ వింటూ నుదురు ముడిచి, చివరికి కిటికీ రెక్క సగం మూసింది. "నా జీతం ఎంతో తెలుసా నీకు? పక్క షెడ్డు స్టోరువాడికి నాకంటే ఎక్కువ. వాడి దగ్గర సరుకు నా దగ్గరున్నదాంట్లో సగం లేదు. అడిగితే వాడు బరువులు ఎత్తుతాడన్నారు. ఏం ఎత్తుతాడు, టీ గ్లాసు!" అంటూ అడుగు అరలోంచి ఒక డబ్బా లాగింది. "ఇదిగో, పదిహేడు. దీన్ని వాడిన ముసలి వెల్డరు పోయాక ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆయనకిప్పుడు నంబరుతో పనేముంది? నేనిచ్చానని ఎక్కడైనా నోరు జారావో, నిన్ను ఈ డబ్బాలోనే పెట్టేస్తాను."

పిడుగు పంచ్‌కి పట్టు జారకుండా లావు దారం చుట్టి ఉంటుంది. ఆ దారం విప్పి పదిహేడుకి చుట్టింది. దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుని, తన నలభై ఒకటిని బూటులో దోపుకుంది. ఉదయమంతా బూటులోదే తీసి కొట్టింది. అతుకు అతుకుకీ వంగి లేస్తుంటే, "నడుం పట్టిందా అక్కా?" అని స్టైలు ఎగతాళి చేశాడు.

భోజనాల గంట కొట్టగానే ఏప్రాన్ అలమారలో తగిలించి, బల్ల దగ్గర ఈల సారు ఎదురుగా కూర్చుంది. అతని మీద నుంచి చూపు తిప్పలేదు. అతను తిన్నాడు, త్రేన్చాడు, పుల్లతో పళ్ళు కుట్టుకున్నాడు, ఆమె చూపుకి ఇబ్బందిపడి రెండుసార్లు మూతి తుడుచుకున్నాడు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. మావయ్య రోజూలాగే గబగబా నాలుగు ముద్దలు మింగి సిగరెట్టుకని వెళ్ళాడు. స్టైలు దువ్వెన పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళాడు. భోజనాలు ముగిశాయి. ఈల సారు మాత్రం కదలనే లేదు.

ఇవాళ ఎవరూ ముట్టుకోలేదేమో అనుకుంది పిడుగు. 

*

పరీక్షకి మేనేజరు స్వయంగా వచ్చాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. వెల్డర్లందరూ చుట్టూ మూగారు. గ్రేడ్లు తేలే రోజున ఎవరూ జోకులెయ్యరు. పైపులు వరసగా దొర్లాయి. ఎర్ర మందు, గుడ్డ, తెల్ల పొడి. ఒకటి, ఇంకొకటి, తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన లావు పైపు అతుకు మీద ఎర్రచుక్క ఒకటి మొలిచింది. చుక్క పక్కన చుక్క. చూస్తుండగానే గీతయింది.

"ఎవరిది?" అన్నాడు మేనేజరు.

మావయ్య ముందుకొచ్చి వంగాడు. బొటనవేలు ముద్ర మీద ఒకసారి ఆడించాడు. చావు కబురు చెప్పేవాడిలా తల అటూ ఇటూ ఊపాడు.

"నలభై ఒకటి" అన్నాడు.

మేనేజరు పెన్ను మూత తీశాడు. పిడుగు మునివేళ్ళ మీద లేచి మావయ్య భుజం మీదుగా చూసింది. ఉక్కు మీద కొత్తగా, తళతళలాడుతూ, చిన్నపిల్లవాడు కూడా చదవగలిగేంత లోతుగా ఉంది అంకె. పదిహేడు.

దొరికాడని షెడ్డు దద్దరిల్లేలా అరవాలని పొద్దుట్నుంచి కాచుక్కూర్చుంది. తీరా ఆ క్షణం వచ్చేసరికి మడమలు మెల్లగా నేలకి ఆనించింది. లేని అంకె చదివిన గొంతు ఆమె చిన్నప్పట్నుంచి ఎరిగిన గొంతు.

స్టైలు మెడ చాపి చూశాడు. "అదేంటి బాబాయ్, నలభై ఒకటంటావు? ఇక్కడ పదిహేడుంది."

ఈల సారు నోట్లోంచి ఈల జారి పొట్ట మీద పడింది. "పదిహేడా? ఆయన పోయాడు కదరా!"

"పోయినాయనకి ఓవర్‌టైము ఇస్తున్నారా ఏంటి సార్?" అన్నాడెవడో వెనక నుంచి. ఒకడు నవ్వబోయి, పిడుగు మొహం చూసి ఆపేశాడు.

ఆమె బూటులోంచి నలభై ఒకటి తీసి మేనేజరు కాగితం మీద టక్కున పెట్టింది. "నా పంచ్ ఇది. పొద్దుట్నుంచీ నా కాలి దగ్గరే ఉంది. నా ఏప్రాన్ జేబులో పదిహేడు పెట్టింది నేనే, దొంగ ఎవడో చూద్దామని. కళ్ళున్నవాడు ఎవడైనా కొట్టబోయే ముందు అంకె చూస్తాడు. వీడు చూడలేదు. దారం తడిమి, నాదే అనుకుని కొట్టేశాడు."

"పొరబాటున చదివాను" అన్నాడు మావయ్య. "వెలుతురు సరిగ్గా లేక..."

పిడుగు అలమార దగ్గరికి వెళ్ళి, ఏప్రాన్ జేబులోంచి దారం చుట్టిన పంచ్ తెచ్చి, ఆయన అరచేతిలో పెట్టి, ఆ చేతిని పట్టుకుని తలుపు దగ్గరి ఎండలోకి లాక్కెళ్ళింది.

"ఇక్కడ వెలుతురుంది. చదువు మావయ్యా."

ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. తల పక్కకి తిప్పి కంటి కొసతో చూశాడు. చివరికి బొటనవేలు మెల్లగా అంకె మీదికి పాకింది.

"వేలితో కాదు! కంటితో చదువు!" ఆమె అరుపుకి పైన రేకులు మోగాయి. "రోజూ నా పక్కన కూర్చుని నా డబ్బాలో కూర తిన్నావు. 'నీ చెయ్యి కుదరలేదు అమ్మడూ' అని నా తల నిమిరావు. నా చేతిని నేనే నమ్మడం మానేశాను! రాత్రి పడుకుని ఈ వేళ్ళని చూసుకుని ఏడ్చాను! నిన్న మా అమ్మ ఎదురుగా కూర్చుని నన్ను బెంచీకి పొమ్మన్నావు. నీకు మనసెలా వచ్చింది?"

మేనేజరు దగ్గాడు. "అమ్మా, ఇది మీ ఇంటి విషయంలా ఉంది. మీరూ మీరూ కూర్చుని..."

"ఇంటి విషయమా?" పిడుగు గిర్రున తిరిగింది. "నా కూలి కోసినప్పుడు అనుభవం, బాధ్యత, గిరాకీ అన్నావు. ఇప్పుడు ఇంటి విషయమా? ఆయనవి ఊరవు, నీవి ఊరతాయి, అదీ తేడా అని నిన్న నీళ్ళిచ్చి మరీ చెప్పావు. అదిగో నీ తేడా. దారం చుట్టుకుని ఆయన చేతిలో ఉంది. చూసుకో!"

"ఆయన మీద అరవకు" అన్నాడు మావయ్య. గొంతులో బరువు, నిట్టూర్పు ఏవీ లేవిప్పుడు. పంచ్‌ని పిడికిట్లో బిగించి, వెలుతురుకి వీపు తిప్పి నిలబడ్డాడు. "అడిగింది నన్ను కదా. నేనే చెప్తాను. ఎవరూ అడ్డు రాకండి.

"నేనే కొట్టాను. నిన్నటిదీ, మొన్నటిదీ, ఈ నెల్లో చాలా వరకూ నేనే. నాకు మంట మధ్యలో నల్లటి మచ్చ కనపడుతుంది. చుట్టూ అంచులు కనపడతాయి, నడిమి భాగం కనపడదు. అతుకుండేది ఆ నడిమినే. చెవితో లాక్కొస్తున్నాను. మంట సరిగ్గా పడితే ఒక చప్పుడొస్తుంది, అది నీకూ తెలుసు, నేనే నేర్పాను. చాలాసార్లు చెవి సరిపోయేది. అనుమానంగా ఉన్నవాటికి ముద్ర వెయ్యకుండా పక్కన పెట్టి, సిగరెట్టని చెప్పి వచ్చి నీది కొట్టేవాణ్ణి. ఇవాళ గ్రేడ్లు తేలే రోజని ఇంకా భయపడి కొట్టాను.

"చెప్పొచ్చుగా అంటావు. చెబితే ఏమయ్యేది? నిన్నటిదాకా రెండింతలు ఇచ్చిన చేతికి మర్నాడు ఎంతిస్తారో నాకు తెలీదా? మీ అత్త వీధిలో తలెత్తుకుని నడిచేది నా గ్రేడు వల్ల. నువ్వు ఎలాగూ కిందే ఉన్నావు, అక్కణ్ణించి పడితే దెబ్బ తక్కువ తగులుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటేనే నిద్రపట్టేది. నన్ను క్షమించమని అడగను. అడిగితే మీ అమ్మ నీ మెడలు వంచి క్షమింపజేస్తుంది. అది నాకొద్దు.

"కానీ ఇంకోటి ఉంది. నువ్వు ఇంకో వంద పంచ్‌లు మార్చినా అది దొరికేది కాదు. నువ్వు చేరిన రోజు నీ పరీక్ష అతుకు ఈ చేత్తోనే పట్టుకుని చూశాను. నా మొదటి అతుకు అలా లేదు. ఈ షెడ్డులో ఎవడిదీ అలా లేదు. ఈ మేనేజరు సారు నన్ను గదిలోకి పిలిచి, 'మీ మేనకోడలే కదా, ఎంత వేద్దామో నువ్వే చెప్పు' అన్నాడు. నాతో సమానంగా వెయ్యండి అంటే ఆ రోజు వేసేసేవాడే, మనుషులు దొరక్క అల్లాడుతున్నారు అప్పుడు. నాకు కడుపులో భగ్గుమంది. నేర్పినవాడికీ నేర్చుకున్నదానికీ ఒకటే రేటా అని. 'ఆడపిల్ల సార్, ఇంటి బరువేం లేదు, సగం చాలు' అన్నాను. ఆయన ఆ సగంలో కూడా కాస్త కోసి రాసుకున్నాడు. నాకు థాంక్స్ చెప్పి చెయ్యి కలిపాడు. ఆ అంకె సిరా ఎండేదాకా నేను అక్కడే నిలబడి చూశాను పిల్లా. అప్పుడు నా కళ్ళకి శుభ్రంగా కనపడేది."